ఒక్క చుక్క రక్తంలో జబ్బు జాడ: మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఏం చెప్పగలవు, మందు ఎందుకు కాలేకపోతున్నాయి?

హనుమకొండలో మా చిన్నాయన కొడుకు ఒక శాంపిల్ కలెక్షన్ సెంటర్ నడుపుతాడు. పొద్దున ఆరు గంటలకే పరగడుపు షుగర్ వాళ్లు, థైరాయిడ్ వాళ్లు వచ్చి బెంచీల మీద కూర్చుంటారు. మొన్న ఒకాయన ఫోన్‌లో ఏదో ప్రకటన చూపించి, "ఒక్క చుక్క రక్తంతో ఏ క్యాన్సర్ ఉందో చెప్పే మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష మీ దగ్గర ఉందా?" అని అడిగాడట. తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, దీనికి నోబెల్ వచ్చిందంటున్నరు. అంత గొప్పదైతే మన దగ్గరికి ఎందుకు రాలేదు? మోసమైతే నోబెల్ ఎట్ల ఇచ్చిండ్రు?"

రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. 2024 అక్టోబర్ 7న వైద్యశాస్త్ర నోబెల్ ప్రకటించినప్పటి నుంచి ఈ పేరు పత్రికల్లో, వాట్సాప్‌లో తిరుగుతోంది. 2025 ఏప్రిల్‌లో నోవార్టిస్ అనే పెద్ద మందుల కంపెనీ రెగ్యులస్ అనే చిన్న కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. ముందుగా ఇచ్చేదే 80 కోట్ల డాలర్లు. రెగ్యులస్ పనంతా మైక్రో ఆర్‌ఎన్‌ఏల మీదే. అంత డబ్బు పెడుతున్నారు, అయినా ఇది రాసే నాటికి మైక్రో ఆర్‌ఎన్‌ఏని గురిపెట్టే మందు ఒక్కటి కూడా ఆమోదం పొంది మార్కెట్లోకి రాలేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తమ్ముడికి ఫోన్‌లో రెండు నిమిషాల్లో చెప్పలేకపోయాను.

చెరువు, కాలువ, నీరటి

మన వరంగల్ వాళ్లకు గొలుసుకట్టు చెరువుల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. చెరువు నిండుతుంది, తూము ఎత్తితే కాలువలోకి నీళ్లు వస్తాయి, కాలువ మడికి చేరుస్తుంది. ఏ మడికి ఎంత నీరు పోవాలో చూసుకునే మనిషి నీరటి. ఆయన చెరువు తవ్వడు, నాటు వేయడు. కాలువలో ఒకచోట నాలుగు గడ్డపెళ్లలు అడ్డం వేస్తాడు, ఇంకోచోట తీస్తాడు.

మన కణంలో డీఎన్‌ఏ ఆ చెరువు లాంటిది. అందులో ఒక్కో ప్రొటీన్ తయారీకి కావలసిన సమాచారం ఒక్కో జన్యువులో ఉంటుంది. ఆ సమాచారానికి నకలు తీసుకొని బయటికి వెళ్లేది మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. అది కాలువ. దాని ఆధారంగా తయారయ్యే ప్రొటీనే పంట. ఇన్సులిన్ అయినా హిమోగ్లోబిన్ అయినా ఈ దారిలో పుట్టినవే.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఇక్కడ నీరటి. దానికదిగా ఏ ప్రొటీనూ తయారు చేయదు. సుమారు 22 అక్షరాల పొడవుండే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క అది. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలు సాధారణంగా వేల అక్షరాల పొడవుంటాయి. ఈ చిన్న ముక్క వెళ్లి ఆ పొడవాటి దారానికి ఒకచోట అతుక్కుంటే ప్రొటీన్ తయారీ మందగిస్తుంది, లేదా ఆ దారమే త్వరగా చిరిగిపోతుంది. చాలాసార్లు తగ్గేది కొద్దిగానే. ప్రొటీన్ సగానికి పడిపోవడం కూడా అరుదు. కాలువను పూర్తిగా మూసేసే నీరటి కాదు, కొంచెం కొంచెంగా సర్దేవాడు. ఈ 'కొంచెం' అనే మాట గుర్తుంచుకోవాలి. తర్వాత వచ్చే చిక్కులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ఒక మిల్లీమీటరు పురుగు దగ్గర మొదలైన కథ

సీ. ఎలిగాన్స్ అనే పురుగు పొడవు ఒక మిల్లీమీటరు. లిన్-4 అనే జన్యువు చెడిపోయిన పురుగులు పెద్దవి కాకుండా పిల్లదశ పనులనే మళ్లీ మళ్లీ చేస్తుంటాయి. లిన్-14 అనే ఇంకో జన్యువు పనిచేయకపోతే సరిగ్గా దీనికి ఉల్టా జరుగుతుంది. 2024 నోబెల్ పొందిన ఇద్దరిలో విక్టర్ ఆంబ్రోస్ మొదటి దాని మీద, గ్యారీ రవ్కున్ రెండో దాని మీద పనిచేశారు. లిన్-4 నుంచి ప్రొటీన్ ఏదీ రావడం లేదని, వస్తున్నది 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్క మాత్రమేనని ఆంబ్రోస్ ప్రయోగశాలలో తేలింది. ఇద్దరూ తమ తమ జన్యువుల అక్షరాల వరుసలు ఒకరికొకరు చెప్పుకొని పోల్చి చూశారు. లిన్-4 ముక్క లిన్-14 దారం చివరి భాగంలో చాలాచోట్ల జతకూడుతోంది. 1993 డిసెంబర్‌లో 'సెల్' పత్రికలో రెండు వ్యాసాలుగా అది అచ్చయింది.

పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ పురుగులో మాత్రమే ఉండే వింత అనుకున్నారు. 2000లో రవ్కున్ బృందం లెట్-7 అనే రెండో ముక్కను కనుగొంది. అది ఈగలో ఉంది, చేపలో ఉంది, మనిషిలో ఉంది. అప్పుడు మొదలైంది అసలు వెతుకులాట. ఈనాటికి మనిషిలో వెయ్యికి పైగా మైక్రో ఆర్‌ఎన్‌ఏలను లెక్కగట్టారు. కొందరు శాస్త్రవేత్తలు ఆ జాబితాలో అసలైనవి ఇంకా తక్కువే ఉంటాయంటారు. వీటికి పేర్లు నంబర్లతో ఉంటాయి: మిర్-16, మిర్-21, మిర్-122 ఇట్లా. ఇందులో మిర్-16 ఈ వ్యాసంలో మూడు చోట్ల, మూడు వేర్వేరు వేషాల్లో ఎదురవుతుంది.

ఏడు అక్షరాల జత: ఒకటికి వందల లక్ష్యాలు ఎందుకు?

ఆర్‌ఎన్‌ఏకు నాలుగే అక్షరాలు: ఎ, యు, జి, సి. ఎ మామూలుగా యుతో, జి మామూలుగా సితో జతకడతాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఏలోని 22 అక్షరాలూ జతకూడాల్సిన పని లేదు. రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం దాకా, అంటే ఏడు అక్షరాలు సరిగ్గా కలిస్తే చాలావరకు సరిపోతుంది. ఆ ఏడింటిని సీడ్ అంటారు, అంటే విత్తనం.

కాలేయంలో ఉండే మిర్-122ను తీసుకుందాం. దాని విత్తనం జి-జి-ఎ-జి-యు-జి-యు. దీనికి జోడీ అయ్యే వరుసను ఎదుటి దారం మీద చదివితే ఎ-సి-ఎ-సి-యు-సి-సి వస్తుంది. ఈ వరుస ఏ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ చివరి భాగంలో కనిపించినా అక్కడ మిర్-122 కూర్చోవచ్చు.

ఇప్పుడు చిన్న లెక్క. నాలుగు అక్షరాలతో ఏడు అక్షరాల మాటలు మొత్తం 16,384 రాయవచ్చు. అంటే ఫలానా ఏడక్షరాల మాట దైవాధీనంగా 16,384 చోట్లకు ఒకసారి తగులుతుంది. ఒక్కో మెసెంజర్ దారానికి చివరి భాగం వెయ్యి అక్షరాలుందనుకుంటే, పదహారు దారాల్లో ఒకదానిలో ఆ మాట ఉంటుంది. మనిషికి ప్రొటీన్లు చేసే జన్యువులు ఇరవై వేల దాకా ఉన్నాయి. పదహారుతో భాగిస్తే 1,200 పైచిలుకు. ఇవన్నీ నిజంగా పనిచేసే చోట్లు కావు. కానీ ఒక్క నీరటి చేతిలో వందల కాలువలు ఎందుకున్నాయో ఈ లెక్కతో తెలుస్తుంది. ఉల్టా చూసినా అంతే, ఒక కాలువ మీద నలుగురైదుగురు నీరటులు ఉంటారు. మనిషి జన్యువుల్లో సగానికి పైగా ఏదో ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ అదుపులో ఉన్నాయని 2009 నాటి ఒక ప్రసిద్ధ విశ్లేషణ తేల్చింది.

జబ్బుకు కారణమా, జబ్బు తెచ్చిన మార్పా?

క్యాన్సర్ రోగిలో ఫలానా మైక్రో ఆర్‌ఎన్‌ఏ పెరిగింది అనే వార్త చదివినప్పుడు రెండు అర్థాలు తీసుకోవచ్చు. అది పెరగడం వల్ల క్యాన్సర్ వచ్చింది. లేదా క్యాన్సర్ వచ్చాక అది పెరిగింది. జబ్బును గుర్తించడానికైతే రెండోది చాలు. జ్వరం టైఫాయిడ్‌కు కారణం కాకపోయినా టైఫాయిడ్‌ను అనుమానించడానికి పనికొచ్చినట్టే. ఇట్లా జబ్బు ఉనికిని, తీవ్రతను చెప్పే కొలతను బయోమార్కర్ అంటారు. మందు చేయాలంటే మాత్రం మొదటి అర్థమే కావాలి. జ్వరం తగ్గించే గోలీ వేస్తే టైఫాయిడ్ క్రిమి చావదు కదా.

మొదటి అర్థం నిజమైన సందర్భాలు ఉన్నాయి. సీఎల్‌ఎల్ అనే ఒక రకం రక్త క్యాన్సర్ ఉన్నవాళ్లలో పదమూడో క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క ఊడిపోయి ఉండటం చాలాకాలంగా తెలుసు. అక్కడ ఏ జన్యువు పోయిందో ఏళ్ల తరబడి వెతికినా దొరకలేదు. 2002లో కార్లో క్రోచే అనే పరిశోధకుడి బృందం చూస్తే, ఆ ముక్కలో ఉన్నవి మిర్-15, మిర్-16 అనే జంట. కణం చావాల్సిన వేళకు చావనీయకుండా కాపాడే ఒక ప్రొటీన్‌ను అవి తగ్గించి ఉంచుతాయి. ఆ జంట లేకపోతే చావాల్సిన కణాలు బతికి పోగవుతాయి. ఇది మిర్-16 మొదటి వేషం.

ఇంకొక ఉదాహరణ మిర్-96. దాని విత్తనంలో ఒక్క అక్షరం మారినా కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా చెవుడు వస్తున్నట్టు 2009లో బయటపడింది. ఒక్క అక్షరం తేడాకు ఇంత ఫలితమంటే అక్కడ కారణం గురించి సందేహం మిగలదు. ఇంత స్పష్టమైన కేసులు మాత్రం కొద్దిగానే ఉన్నాయి. ఎక్కువ జబ్బుల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ కారణం, ఫలితం రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది.

రక్తంలో చెక్కుచెదరకుండా ఎట్లా ఉంటాయి?

మామూలుగా ఆర్‌ఎన్‌ఏ చాలా నాజూకైనది. రక్తంలో దాన్ని నరికేసే ఎంజైములు నిండా ఉంటాయి. అందుకే 2008లో రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు చెదరకుండా దొరుకుతున్నాయని తెలిసినప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు. కణాలు వాటిని చిన్న కొవ్వు సంచుల్లో పెట్టో, ప్రొటీన్‌కు అంటిపెట్టో బయటికి వదులుతాయి. ఆ రక్షణ వల్ల అవి బతికి ఉంటాయి. ఇక్కడి నుంచే ఒక్క చుక్క రక్తం ఆశ పుట్టింది.

ఆ ఆశ ఉత్తదేం కాదు. కాలేయం దెబ్బతింటే మనకు తెలిసిన పరీక్ష ఎస్‌జీపీటీ. అది కండరాల నుంచి కూడా రక్తంలోకి వస్తుంది, బాగా బరువులెత్తిన మనిషిలోనూ పెరగవచ్చు. మిర్-122 మాత్రం ప్రధానంగా కాలేయానిదే. కాలేయ కణాల్లోని మైక్రో ఆర్‌ఎన్‌ఏల్లో సుమారు 70 శాతం అదే. పారాసెటమాల్ అతిగా మింగినవాళ్లలో ఎస్‌జీపీటీ ఇంకా మామూలుగా ఉన్నప్పుడే మిర్-122 పెరుగుతున్నట్టు బ్రిటన్ పరిశోధకులు చూపించారు. విరుగుడు మందు ఎంత త్వరగా మొదలైతే అంత మేలు కాబట్టి ఆ కొన్ని గంటలకు విలువ చాలా ఉంది.

ట్యూబులో జరిగే పొరపాటు

తమ్ముడు రోజూ అనే మాట ఒకటుంది: "శాంపిల్ హీమోలైజ్ అయింది, మళ్లీ తీయాలె." సూది సన్నగా ఉన్నా, సిరంజి గట్టిగా లాగినా, ట్యూబు బాగా కుదిపినా ఎర్ర కణాలు పగులుతాయి. పైన తేలే లేత పసుపు ద్రవం గులాబీ రంగుకు తిరుగుతుంది. పొటాషియం రిపోర్టు తప్పు రావడానికి ఇదొక పెద్ద కారణమని ల్యాబుల్లో పనిచేసే అందరికీ తెలుసు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏలకు ఈ బాధ ఇంకా ఎక్కువ. ఎర్ర కణాల్లో మిర్-451, మిర్-16 లాంటివి కుప్పలుగా ఉంటాయి. కంటికి గులాబీ రంగు కనపడనంత కొద్దిగా పగిలినా లెక్క మారిపోతుంది. అక్కడితో ఆగదు. చాలా పరిశోధనల్లో మిర్-16నే కొలబద్దగా వాడారు. అది అందరిలో ఒకే తీరుగా ఉంటుందనుకొని మిగతావాటిని దానితో పోల్చారు. ఇది దాని రెండో వేషం. దీనివల్ల ఏమవుతుందో అంకెల్లో చూద్దాం. ఈ అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవి.

కరోనా రోజుల్లో ఆర్‌టీపీసీఆర్ రిపోర్టులో 'సీటీ వాల్యూ' చూసుకున్నాం కదా. ఇక్కడా అదే యంత్రం. ఒక్కో తిప్పుకు ఆర్‌ఎన్‌ఏ నకళ్లు రెండింతలవుతాయి. ఎన్నో తిప్పులో కనపడిందో ఆ అంకే సీటీ. అంకె తక్కువైతే సరుకు ఎక్కువ. ఒక మనిషి మంచి శాంపిల్‌లో మనకు కావలసిన మార్కర్ 30వ తిప్పులో, మిర్-16 20వ తిప్పులో కనిపించాయనుకుందాం. తేడా 10. అదే మనిషికి అదే రోజు తీసిన రెండో శాంపిల్ కొద్దిగా హీమోలైజ్ అయింది. ఎర్ర కణాల నుంచి మిర్-16 వచ్చి చేరడంతో అది 18వ తిప్పులోనే కనిపించింది. మార్కర్ అక్కడే, 30వ తిప్పులోనే ఉంది. తేడా ఇప్పుడు 12. రెండు తిప్పులంటే నాలుగింతలు. కంప్యూటర్ లెక్క ప్రకారం ఆ మార్కర్ నాలుగో వంతుకు పడిపోయింది! మనిషిలో ఏ మార్పూ లేదు, మారింది సిరంజి లాగిన తీరు.

2012లో అమెరికా పరిశోధకులు, క్యాన్సర్ మార్కర్లుగా అప్పటిదాకా ప్రచురించిన 79 రక్త మైక్రో ఆర్‌ఎన్‌ఏలను పరిశీలించారు. అందులో 46 రక్త కణాల్లోనే ఎక్కువగా ఉండేవి. అంటే సగానికి పైగా మార్కర్లు క్యాన్సర్ గడ్డ నుంచి వచ్చినవో, రక్త కణాల నుంచి వచ్చినవో చెప్పలేని స్థితి. నాకు ఈ మొత్తం రంగంలో అతి ముఖ్యమైన పరిశోధన ఇదే అనిపిస్తుంది, దీనికి పేపర్లో హెడ్డింగ్ రాకపోయినా.

ఇంకా చిన్న చిన్నవి ఉన్నాయి. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలను వదులుతాయి, అందుకే సీరంలో (గడ్డకట్టాక మిగిలే ద్రవం) వచ్చిన అంకె ప్లాస్మా (గడ్డకట్టనీయకుండా వేరుచేసిన ద్రవం) అంకెతో కలవదు. ఆకుపచ్చ మూత ట్యూబులో ఉండే హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ఊరి నుంచి పట్నానికి శాంపిల్ ఎన్ని గంటల్లో పోయింది, మధ్యలో సెంట్రిఫ్యూజ్ తిప్పారా లేదా అన్నదీ లెక్కలోకి వస్తుంది.

లక్షమందికి చేస్తే ఏమవుతుంది?

ఈ పొరపాట్లన్నీ సరిచేశామనుకుందాం. పరీక్ష చాలా మంచిదే అనుకుందాం: జబ్బున్న 100 మందిలో 90 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని 100 మందిలో 95 మందికి సరిగ్గా 'లేదు' అంటుంది. ప్రకటనలో '90 శాతం ఖచ్చితత్వం' అని వేసేది ఇట్లాంటి దాన్నే.

లక్షమంది ఉన్న పట్టణంలో అందరికీ చేశాం. ఆ క్యాన్సర్ నిజంగా ఉన్నది 100 మందికి. పరీక్ష అందులో 90 మందిని పట్టింది. మిగిలిన 99,900 మందిలో ఐదు శాతం, అంటే 4,995 మందికి తప్పుగా 'ఉంది' అని చెప్పింది. మొత్తం 5,085 మంది చేతుల్లో పాజిటివ్ రిపోర్టులు. నిజంగా జబ్బున్నది వందలో ఇద్దరికి కూడా కాదు. మిగతా వాళ్లంతా స్కాన్లకు, బయాప్సీలకు తిరుగుతారు. ఆ ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో, ఎంత అప్పవుతుందో మనకు తెలియనిది కాదు.

అదే పరీక్షను ఇప్పటికే లక్షణాలున్న వెయ్యిమందికి చేద్దాం. డాక్టర్ అనుమానించి పంపినవాళ్లు కాబట్టి వాళ్లలో 200 మందికి జబ్బు ఉంది. 180 మంది దొరుకుతారు, తప్పు పాజిటివ్‌లు 40. ఇప్పుడు పాజిటివ్ వచ్చిన ప్రతి వందమందిలో 82 మందికి జబ్బు నిజం. పరీక్ష మారలేదు, దాన్ని ఎవరికి చేశామన్నది మారింది.

అందుకే ఈ మార్కర్లు ఇరుకైన ప్రశ్నలకు బాగా జవాబిస్తున్నాయి. వృషణాల క్యాన్సర్‌లో మిర్-371 ఇందుకు ఉదాహరణ. 2019లో వచ్చిన పెద్ద అధ్యయనంలో అది సుమారు 90 శాతం రోగులను పట్టుకుంది, జబ్బు లేనివాళ్లలో 94 శాతం మందికి సరిగ్గా లేదని చెప్పింది. పెద్దవాళ్ల ఆరోగ్యకరమైన కణాల్లో అది దాదాపు ఉండదు, ఎర్ర కణాల గొడవా లేదు. ఆపరేషన్ తర్వాత పడిపోతుంది, జబ్బు తిరగబెడితే మళ్లీ పెరుగుతుంది. సింగపూర్‌లో పొట్ట క్యాన్సర్‌కు 12 మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కలిపి చూసే పరీక్షకు 2019లో అనుమతి వచ్చింది. అది కూడా ఎండోస్కోపీ ఎవరికి చేయాలో తేల్చుకోవడానికి సాయపడేదే, ఎండోస్కోపీకి బదులు కాదు.

మందుగా మార్చాలంటే రెండు దారులు

ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఎక్కువై జబ్బు వస్తే, దానికి సరిగ్గా జోడీ అయ్యే ముక్కను తయారు చేసి ఇస్తారు. అది వెళ్లి మైక్రో ఆర్‌ఎన్‌ఏను పట్టేసుకుంటుంది, ఇక అది పనిచేయదు. తక్కువై జబ్బు వస్తే, అదే వరుసతో నకలు తయారు చేసి లోపలికి పంపుతారు.

ఇక్కడ ఒక అయోమయం తొలగించాలి. పాటిసిరాన్ అనే మందు 2018లో ఆమోదం పొందింది. కొలెస్టరాల్‌కు ఆరునెలలకొకసారి ఇచ్చే ఇన్‌క్లిసిరాన్ కూడా ఉంది. వీటిని కొందరు మైక్రో ఆర్‌ఎన్‌ఏ మందులంటున్నారు. కావు. అవి ఎస్ఐ-ఆర్‌ఎన్‌ఏలు. కణంలో అదే యంత్రాంగాన్ని వాడుకుంటాయి, కానీ మొత్తం పొడవునా జతకూడేలా మనుషులు తయారు చేసినవి. ఒక్క జన్యువునే గురిపెడతాయి. వాటికి నోబెల్ కూడా వేరు, 2006లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో పొందారు.

అసలు మైక్రో ఆర్‌ఎన్‌ఏ మందుల కథలో మొదటి పేరు మిరావిర్సెన్. హెపటైటిస్-సి వైరస్ ఒక విచిత్రమైన పని చేస్తుంది. మిర్-122 వచ్చి అతుక్కుంటే మామూలు దారం చిరుగుతుంది, ఈ వైరస్ ఆర్‌ఎన్‌ఏ మాత్రం చిరగకుండా దాన్నే తొడుగులా వాడుకుంటుంది. 2005లో ఇది తెలిసింది. అయితే మిర్-122ను పట్టేసుకుంటే వైరస్ ఆధారం పోతుంది కదా! 2013లో వచ్చిన ఫలితాల్లో 36 మంది రోగులున్నారు. వారానికొకటి చొప్పున ఐదు ఇంజెక్షన్లు. ఎక్కువ డోసు తీసుకున్న తొమ్మిదిమందిలో నలుగురికి ఒక దశలో రక్తంలో వైరస్ కనపడలేదు. కొందరిలో మందు ఆపాక తిరిగొచ్చింది. అయినా మైక్రో ఆర్‌ఎన్‌ఏను అడ్డుకొని మనిషి జబ్బును తగ్గించవచ్చని మొదటిసారి తేలింది.

అదే ఏడాది చివర్లో సోఫోస్‌బువిర్ అనే గోలీకి అమెరికాలో అనుమతి వచ్చింది. వైరస్‌నే నేరుగా కొట్టే అలాంటి గోలీలను కలిపి పన్నెండు వారాలు వేసుకుంటే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. మన దేశంలో 2018 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఇవి ఉచితంగా ఇస్తున్నారు. ఇంజెక్షన్ అవసరం తగ్గిపోయింది. దానికితోడు 2012లోనే ఎలుకల్లో ఒక హెచ్చరిక వచ్చింది: పుట్టుకతో మిర్-122 లేని ఎలుకల కాలేయాల్లో కొవ్వు చేరి, పోనుపోను క్యాన్సర్ వచ్చింది. ఇదే లక్ష్యంతో వచ్చిన ఆర్‌జీ-101 అనే ఇంకో మందు ప్రయోగాల్లో కొందరికి కామెర్లు రావడంతో 2016లో అమెరికా అధికారులు ఆపించారు.

రెండో దారిలో వెళ్లినది ఎంఆర్‌ఎక్స్-34. క్యాన్సర్‌ను అణచిపెట్టే మిర్-34 నకలును కొవ్వు బిందువుల్లో పెట్టి నరానికి ఎక్కించారు. 85 మంది రోగుల్లో ముగ్గురికి గడ్డలు గణనీయంగా తగ్గాయి. కానీ కొందరిలో రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా తిరగబడింది, నలుగురు చనిపోయారు. 2016 సెప్టెంబర్‌లో ప్రయోగం ఆగింది. వేరే దారులన్నీ మూసుకుపోయి, దీని మీద ఆశ పెట్టుకొని చేరినవాళ్లు వాళ్లు. ఈ విషయం దాటవేసి మైక్రో ఆర్‌ఎన్‌ఏ చికిత్సల గురించి రాయడం నాకు సమంజసం అనిపించదు.

చేర్చడం అనేది ఇంకో పెద్ద అడ్డంకి. రక్తంలోకి ఎక్కించిన ఇలాంటి ముక్కలు ఎక్కువగా కాలేయంలోకి, మూత్రపిండాల్లోకి పోతాయి. మెదడుకో, ఊపిరితిత్తిలోని గడ్డకో చేర్చడం కష్టం. ఇది తెలిస్తే రెగ్యులస్‌ను ఎందుకు కొన్నారో అర్థమవుతుంది. దాని మందు ఫారాబర్సెన్ మూత్రపిండాల కోసం. కిడ్నీల్లో నీటి బుడగలు పెరిగే ఒక వంశపారంపర్య జబ్బులో, రోగిలో ఒక జన్యువుకున్న రెండు ప్రతుల్లో ఒకటి చెడిపోయి, రెండోది బాగానే ఉంటుంది. ఆ బాగున్నదాన్ని మిర్-17 అణచి ఉంచుతుంది. మిర్-17ను పక్కకు తప్పిస్తే మంచి ప్రతి నుంచి వచ్చే ప్రొటీన్ పెరుగుతుందని ఆలోచన. తొలి దశ ప్రయోగాల్లో రోగుల మూత్రంలో ఆ ప్రొటీన్లు పెరిగినట్టు కనిపించింది. కిడ్నీ ఎక్కువకాలం నిలుస్తుందా అన్నది పెద్ద ప్రయోగాలు తేల్చాలి. ఇంకో కిడ్నీ జబ్బు ఆల్పోర్ట్‌కు మిర్-21ను అడ్డుకునే మందు మాత్రం 2022లో ఫలితం కనిపించక ఆగిపోయింది.

శాస్త్రవేత్తలు ఎక్కడ విడిపోతారు?

వందల లక్ష్యాలుండటమే బలం అనేది ఒక వాదన. గుండె బలహీనపడటం, కాలేయం గట్టిపడటం లాంటివి ఒక్క జన్యువు చెడి వచ్చేవి కావు, వందల జన్యువులు కొంచెం కొంచెంగా దారితప్పుతాయి. అప్పుడు ఒక్కో కాలువను విడిగా సర్దడం కన్నా నీరటితో మాట్లాడుకోవడం మేలు కదా అంటారు.

రెండో వాదన: నీరటి చేతిలో ఏయే కాలువలున్నాయో పూర్తిగా తెలియకుండా ఆయన్ను పనిలోంచి తీసేస్తే ఏ మడి ఎండుతుందో ఎవరికి తెలుసు? ఒక్క జన్యువును గురిపెట్టే ఎస్ఐ-ఆర్‌ఎన్‌ఏలు మార్కెట్లోకి వచ్చి ఇవి రాకపోవడానికి కారణం ఇదేనని వీళ్లంటారు.

పురుగుల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలను ఒక్కొక్కటిగా తీసేసి చూస్తే చాలావాటికి పైకి ఏ తేడా కనపడలేదు. ఎలుకల్లో కూడా కొన్నింటి లోటు గుండె మీద భారం పడ్డప్పుడో, గాయమైనప్పుడో మాత్రమే బయటపడింది. మత్తడి దూకిన ఏడాది నీరటి ఉన్నాడా లేడా ఎవరూ అడగరు, ఆయన విలువ కరువు ఏడాదిలో తెలుస్తుంది. దీన్ని మొదటి వర్గం 'ఆరోగ్యకరమైన అవయవాలకు హాని తక్కువ' అని చదువుతుంది. రెండో వర్గం 'రోగి శరీరం ఇప్పటికే కరువులో ఉంది, హాని అక్కడే కనిపిస్తుంది' అని చదువుతుంది. నాకు రెండో మాటలో బరువు ఎక్కువ అనిపిస్తుంది, కానీ కిడ్నీ మందు ఫలితాలు బాగా వస్తే ఆ అభిప్రాయం మార్చుకోవాల్సిందే.

మనం తినే బియ్యంలోవి మనలో పనిచేస్తాయా?

మూడు పూటలా అన్నం తినే వాళ్లం కాబట్టి ఇది కూడా చెప్పాలి. మొక్కల్లోనూ మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి. బియ్యంలోని ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ తిన్నవాళ్ల రక్తంలోకి చేరి, కాలేయంలో కొలెస్టరాల్‌కు సంబంధించిన ఒక జన్యువును అణుస్తుందని 2012లో చైనా బృందం ప్రచురించింది. తర్వాత వేరే ప్రయోగశాలలు వెతికితే దొరకలేదు, లేదా శాంపిల్ కలుషితం కావడం వల్ల వచ్చేంత అతి తక్కువగా మాత్రమే దొరికింది. దాని ఆధారంగా ఫలానా ధాన్యం జన్యువులను మారుస్తుందని చెప్పే ప్రచారానికి గట్టి పునాది లేదు.

ములుగు, ఆదిలాబాద్ రక్తం వేరే లెక్క

ఇక మిర్-16 మూడో వేషం. పదమూడో క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉండి పుట్టే శిశువుల్లో, గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ పుట్టాక కూడా ఎక్కువకాలం కొనసాగుతుంది. మిర్-15, మిర్-16 ఆ క్రోమోజోమ్ మీదే ఉన్నాయి కాబట్టి అవి ఎక్కువగా తయారై ఒక నియంత్రణ ప్రొటీన్‌ను తగ్గించడం దీనికి కారణమని 2011లో ఒక బృందం చూపించింది. ఇది మనకు ఎందుకంటే, సికిల్ సెల్ జబ్బులో (ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) ఆ గర్భస్థ హిమోగ్లోబిన్ ఎంత ఎక్కువుంటే నొప్పులు అంత తగ్గుతాయి. ఆదిలాబాద్, ములుగు ఏజెన్సీ గూడేల్లో కోయ, గోండు కుటుంబాలకు ఈ జబ్బు బాగా తెలుసు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ గిరిజన ప్రాంతాలే కేంద్రంగా సాగుతోంది.

ఊడిపోతే రక్త క్యాన్సర్‌కు దారితీసే జంట, పెరిగితే సికిల్ సెల్ బాధను తగ్గించే దారి చూపింది. ఒకే నీరటి, రెండు మడులు. ఆ దారిలో మందు వెతికేవాళ్లు ఎముక మజ్జలో ఎంత పెంచాలి, ఎంతకు ఆపాలి అన్నది తేల్చుకోవాలి.

సికిల్ సెల్ మనిషి ఎర్ర కణాలు శరీరంలోనే పగులుతుంటాయి. తమ్ముడు ఎంత జాగ్రత్తగా సూది గుచ్చినా ఆ ట్యూబులోకి మిర్-16, మిర్-451 ఎక్కువగానే వస్తాయి. వేరే దేశంలో, ఈ జబ్బు లేని వాళ్ల రక్తంతో గీసిన నార్మల్ గీతను తెచ్చి ఏటూరునాగారం నుంచి వచ్చిన శాంపిల్ మీద పెడితే, లేని క్యాన్సర్ కనపడవచ్చు, ఉన్నది దాగిపోవచ్చు. ఆ గీతను ఇక్కడి వాళ్ల రక్తంతోనే, సికిల్ సెల్ ఉన్నవాళ్లను విడిగా లెక్కలోకి తీసుకొని మళ్లీ గీయాలి. తమ్ముడికి ఫోన్ చేసి ఇది చెప్పినప్పుడు, మంగపేట నుంచి వచ్చే ఒక అమ్మాయి శాంపిల్ రెండుసార్లు వెనక్కి వచ్చిందని, సూది తప్పే అనుకొని మూడోసారి కూడా గుచ్చానని అన్నాడు.